ఉప్పెన నుంచి పంతొమ్మిదో గేటు దాకా: మా ఇంట్లో హెచ్చరికల చరిత్ర

క్యాంపు కథలు రాయడం మొదలుపెట్టినప్పటి నుంచి పెద్దవాళ్ళు ఒకటే అడుగుతున్నారు. "భూములు కొన్న సంగతి రాశారు, కాలవ వచ్చిన సంగతి రాశారు, రామాలయం కట్టిన సంగతి రాశారు. నీళ్ళ సంగతి ఎప్పుడు రాస్తారు?" అని. రాయాలనే ఉంది కానీ ఇన్నాళ్ళూ ధైర్యం చాల్లేదు. ఆ కథ దివి అత్తయ్యది. ఆవిడ సరే అంటే గానీ రాయకూడదనుకున్నాం. మొన్న సంక్రాంతికి ఆవిడే "రాయండి, పిల్లలకి తెలియాలి" అన్నారు. అందుకని ఇప్పుడు రాస్తున్నాం. మేము కన్నడ మీడియంలో చదువుకున్నవాళ్ళం, తెలుగు ఇంట్లో నేర్చుకున్నాం. రాతలో తప్పులుంటే పెద్దలు సర్దుకోవాలి.

ఆగస్టు 10 రాత్రి

2024 ఆగస్టు 10, శనివారం. రాత్రి పదకొండు దాటాక హోసపేట దగ్గర తుంగభద్ర డ్యాంలో 19వ నంబరు క్రస్ట్ గేటు గొలుసు తెగింది. గేటు నీళ్ళల్లో కొట్టుకుపోయింది. అప్పటికి డ్యాం నిండుగా ఉంది. గంటలోపల మా గంగావతి తాలూకా ఫోన్లన్నీ మోగడం మొదలుపెట్టాయి.

మేము బెంగళూరులో ఉన్నాం. అర్ధరాత్రి నాన్న ఫోను. "ఒరేయ్, మీ అత్తయ్య మేడ మీదకెక్కి కూర్చుంది. దిగనంటోంది. డ్యాం పోయిందంట కదా, నిజమేనా?"

ఎవరో వాట్సాప్‌లో గొంతు రికార్డు చేసి పంపారు. "డ్యాం కొట్టుకుపోయింది, అందరూ పారిపోండి" అని తెలుగులో ఒకటి, కన్నడలో ఒకటి. వాటితో పాటే నదీ తీరం వాళ్ళు ఎత్తైన చోటికి వెళ్ళమని కన్నడలో అధికారుల సందేశం కూడా వచ్చింది. ఆ మూడూ ఒకే ఫోనులో, ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. ఏది ప్రభుత్వం మాటో, ఏది ఊరి మాటో తేడా తెలియడం లేదు.

అత్తయ్య మాత్రం ఫోను చూడలేదు. నీళ్ళు అన్న మాట వినగానే ఒక చీర మూట కట్టుకుని, నాయనమ్మ మందుల డబ్బా పట్టుకుని మెట్లెక్కేశారు. ఎందుకలా చేశారో తెలియాలంటే నలభై ఏడేళ్ళు వెనక్కి పోవాలి.

దివి నుంచి తుంగభద్రకి

మా తాతయ్య వాళ్ళది కృష్ణా జిల్లా దివి తాలూకా. తుంగభద్ర డ్యాం పని 1945లో మొదలై 1953కి నీళ్ళు వదిలే దాకా వచ్చింది. అప్పట్లో ఎడమ గట్టు హైదరాబాదు రాష్ట్రం, కుడి గట్టు మద్రాసు రాష్ట్రం. ఎడమ కాలవ కింద గంగావతి, సింధనూరు, మాన్వి తాలూకాల్లో జొన్న, పత్తి పండే నల్లరేగడి మీదకి నీళ్ళు వచ్చాయి. తడి వ్యవసాయం తెలిసినవాళ్ళు కావాల్సొచ్చింది. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల రైతులు అక్కడ ఎకరం అమ్ముకుని ఇక్కడ ఎకరాలు కొనుక్కున్నారు. గుడిసెలు వేసుకుని ఉన్న చోటుకి క్యాంపు అని పేరు పడింది. ఇప్పుడు మేడలు కట్టినా పేరు క్యాంపే.

తాతయ్య 1958లో వచ్చారు. ఎందుకొచ్చారని అడిగితే భూమి కోసం అనేవారు. నాయనమ్మ మాత్రం ఇంకో మాట చెప్పేది: "సముద్రానికి దూరంగా పోదామని వచ్చాం." దివిలో ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు గాలివాన చూసినవాళ్ళే. బందరు ఉప్పెన సంగతి వాళ్ళ ముత్తాతల నుంచి చెప్పుకుంటూ వచ్చారు. ఆ ఉప్పెన 1864 నవంబరు 1న వచ్చింది. మచిలీపట్నంలో, చుట్టుపక్కల కలిపి సుమారు ముప్పై వేలమంది పోయారు.

నాయనమ్మ తమ్ముడు మాత్రం దివిలోనే ఉండిపోయాడు. 1977 అక్టోబరులో మా క్యాంపుకొచ్చి, మా పక్కనే ఆరెకరాలు మాట్లాడుకుని, "కోతలవ్వనీ బావా, సంక్రాంతికి వచ్చేస్తాం" అని చెప్పి వెళ్ళాడట.

1977 నవంబరు 19

ఆ రోజూ శనివారమే. తుఫాను సాయంత్రం చీరాల దగ్గర తీరం దాటింది. దివి చీరాలకి ఈశాన్యంగా ఉంటుంది, మధ్యలో చాలా దూరం. అయినా సముద్రం పైకొచ్చి మీద పడింది దివి మీద. ఐదు మీటర్ల ఎత్తున వచ్చిన నీళ్ళు మైళ్ళ కొద్దీ లోపలికి పోయాయి. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి లాంటి ఊళ్ళు ఊళ్ళుగా మిగల్లేదు. ప్రభుత్వం లెక్కలోనే మృతులు పదివేలకి దగ్గర. చూసినవాళ్ళెవరూ ఆ లెక్క ఒప్పుకోరు, ఎక్కువే అంటారు.

చీరాల దగ్గర దాటిన తుఫాను దివిని ఎందుకు ముంచింది? ఇది మాకు చాలా ఏళ్ళు అర్థం కాలేదు. బంగాళాఖాతంలో తుఫాను గాలి గడియారం ముల్లుకి ఎదురు దిశలో తిరుగుతుంది. తుఫాను సముద్రం మీంచి నేల మీదకి వస్తున్నప్పుడు దాని దారికి కుడి వైపు గాలి సముద్రం నీటిని ఒడ్డు మీదకి తోస్తుంది. ఎడమ వైపు గాలి నేల మీంచి సముద్రంలోకి వీస్తుంది. అందుకే దాటిన చోటు కంటే దానికి కుడి పక్కన ఉన్నవాళ్ళకే ఉప్పెన ఎక్కువ. 1977లో కుడి పక్కన ఉన్నది దివి. అక్కడ తీరం లోతు తక్కువ, నేల పల్లం. తోసిన నీళ్ళకి అడ్డేమీ లేదు.

హెచ్చరిక లేదా అంటే, తుఫాను వస్తుందన్న సంగతి రేడియోలో వచ్చింది. కానీ దివి అత్తయ్య చెప్పేది ఇది: "నాన్న పొలం నుంచి వచ్చి, తుఫాను మనకి దిగువకి పోతుందట, మనకి గాలీ వానే అన్నాడు. ఊరంతా అదే అన్నారు. గాలివానంటే మాకు కొత్తా? తలుపులేసుకుని కూర్చున్నాం."

తుఫాను అన్న మాట విన్నారు. ఉప్పెన అన్న మాట వినలేదు. నీళ్ళు ఎంత ఎత్తు వస్తాయో, ఏ ఊరి దాకా వస్తాయో, ఎక్కడికి పోవాలో చెప్పినవాళ్ళు లేరు. పోదామన్నా ఆ పల్లపు నేల మీద ఎక్కడానికి ఎత్తైన చోటు లేదు.

అత్తయ్యకి అప్పుడు తొమ్మిదేళ్ళు. తుమ్మచెట్టు కొమ్మల్లో చిక్కుకుని తెల్లారేదాకా ఉండిపోయింది. ఒళ్ళంతా ముళ్ళు. అమ్మ, నాన్న, ఇద్దరు తమ్ముళ్ళు పోయారు. పదిహేను రోజుల తర్వాత తాతయ్య వెళ్ళి ఆవిణ్ణి క్యాంపుకి తీసుకొచ్చారు. అప్పట్నుంచి ఆవిడ మా ఇంటి మనిషి. అసలు పేరు పెద్దవాళ్ళు తప్ప ఎవరూ పిలవరు, అందరికీ దివి అత్తయ్యే. మాట్లాడుకున్న ఆరెకరాలు వేరేవాళ్ళు కొనుక్కున్నారు.

బుట్టలు, దీపాలు, నంబర్లు

ఈ దేశంలో తుఫాను హెచ్చరికకి చరిత్ర చిన్నదేమీ కాదు. 1864 అక్టోబరు 5న కలకత్తాని ఒక పెద్ద తుఫాను దెబ్బకొట్టింది, నెల తిరక్కుండానే మన బందరు ఉప్పెన. ఆ మరుసటి ఏడాది, 1865లో, కలకత్తా రేవులో ఓడలకి హెచ్చరిక ఇచ్చే పద్ధతి పెట్టారు. 1875లో భారత వాతావరణ శాఖ పుట్టింది. దాని మొదటి అధికారి హెచ్.ఎఫ్. బ్లాన్‌ఫోర్డ్.

అయితే మొదట్లో ఇదంతా ఓడల కోసం. రేవులో స్తంభానికి పగలు నల్లటి బుట్టలు, రాత్రి దీపాలు వేలాడదీసేవాళ్ళు. వాటికే నంబర్లు. ఇప్పటికీ మన పేపర్లలో "మచిలీపట్నంలో 8వ నంబరు ప్రమాద సూచిక" అని వస్తుంది కదా, ఆ నంబర్లు ఇవే. ఇక్కడ చాలామందికి ఒక పొరపాటు ఉంది, మాకూ ఉండేది. నంబరు పెరిగినకొద్దీ గాలి పెరుగుతుందని అనుకుంటాం. పూర్తిగా అలా కాదు. 1, 2 దూరంగా సముద్రంలో ఏదో ఉందని చెప్తాయి. 3, 4 రేవుకే ముప్పు రావచ్చని. 5, 6, 7 ప్రమాదం. 8, 9, 10 మహా ప్రమాదం. 5కీ 6కీ 7కీ తేడా గాలి బలంలో కాదు, తుఫాను రేవుకి ఏ పక్కగా పోతుందన్న దాంట్లో. 7 అంటే రేవు మీదుగానో, బాగా దగ్గరగానో. 8, 9, 10 కూడా అంతే. 11 అంటే వాతావరణ కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని.

అంటే ఏ పక్క అన్న ప్రశ్న ఎంత ముఖ్యమో ఓడలవాళ్ళకి ఆ రోజుల్లోనే తెలుసు. దివి రైతుకి మాత్రం 1977లో ఆ మాట అందలేదు. రేవులో వేలాడే బుట్ట ఓడ కెప్టెనుకి కనిపిస్తుంది. పొలంలో వరి కుప్ప వేసుకునేవాడికి కనిపించదు.

1974లోనే విశాఖపట్నంలో తుఫాను హెచ్చరిక కేంద్రం వచ్చింది. ఉప్పెన తర్వాత తీరం వెంబడి తుఫాను షెల్టర్లు కట్టారు. 1990 మే 9న దాదాపు అంతే బలమున్న తుఫాను మళ్ళీ కృష్ణా తీరం మీదకే వచ్చింది. ఈసారి లక్షకు పైగా జనాన్ని ముందే ఖాళీ చేయించారు. పోయినవాళ్ళు వెయ్యిలోపు. అదీ తక్కువేం కాదు, కానీ పదివేలు కాదు.

ఒరిస్సాలో ఉన్న మన వాళ్ళకి ఇలాంటి లెక్కే ఇంకోటి తెలుసు. 1999 అక్టోబరు 29న వచ్చిన మహా తుఫానులో సుమారు పదివేలమంది పోయారు. 2013 అక్టోబరు 12న గోపాలపురం దగ్గర ఫైలిన్ దాటినప్పుడు లక్షల మందిని ముందే కదిలించారు, పోయినవాళ్ళు పదుల్లో. బరంపురంలో ఉన్న మా పెద్దమ్మ చెల్లెలి కుటుంబం ఆ రాత్రి ఒక బడిలో గడిపింది. ఇంటి పైకప్పు రేకులు పోయాయి, మనుషులు మిగిలారు.

2009: నది కాదు, గోడ

మేము సముద్రానికి దూరంగా వచ్చేశాం, మాకిక భయం లేదని తాతయ్య నమ్మకం. 2009 ఆ నమ్మకాన్ని కొంచెం కదిలించింది.

ఆ ఏడాది వానలు లేవని అందరూ బాధపడుతుంటే, సెప్టెంబరు ఆఖర్లో ఉత్తర కర్ణాటక మీద, రాయలసీమ మీద కుండపోత మొదలైంది. అక్టోబరు 2న కర్నూలు మునిగింది, మంత్రాలయం మఠంలోకి నీళ్ళొచ్చాయి. రాయచూరు, బళ్ళారి, బాగలకోట, బిజాపుర జిల్లాల్లో పల్లెలు పల్లెలే నీళ్ళల్లో. కర్ణాటకలో పోయినవాళ్ళు రెండు వందలకు పైనే. వాళ్ళల్లో చాలామంది నదిలో కొట్టుకుపోలేదు. మట్టి గోడలు, మట్టి మిద్దెలు రోజుల తరబడి నాని నానీ, రాత్రిపూట నిద్రలో ఉన్నవాళ్ళ మీద కూలాయి.

మాన్వి తాలూకాలో మా మేనత్త వాళ్ళ క్యాంపులో సరిగ్గా ఇదే జరిగింది. డంగుర వేశారు, హొళె గట్టున ఉన్నవాళ్ళు ఖాళీ చేయండని. మేనత్త ఇల్లు హొళెకి దూరం. పొలం పని చేసే ఒక కుటుంబం వాళ్ళ పాత మట్టి కొట్టంలో ఉండేది. డంగుర మనకి కాదులే అనుకున్నారు అందరూ. మూడో రోజు రాత్రి కొట్టం గోడ కూలింది. ఆ ఇంటి ముసలాయన పోయారు. మేనత్త ఇప్పటికీ అంటుంది, "పక్కా ఇంట్లో మా వరండా ఖాళీగానే ఉంది, రమ్మని ఒక్క మాట అనలేకపోయాం." ఆ మాట మేము దాచకుండా రాస్తున్నాం, ఆవిడే రాయమంది కాబట్టి.

హెచ్చరిక నది గురించి వచ్చింది. ప్రాణం తీసింది వాన. "భారీ వర్షం" అన్న మాట కూడా వినిపిస్తూనే ఉంది ఆ వారమంతా. కానీ ఆ మాటని మన గోడకి అన్వయించుకోలేదు.

మాటలకి కొలత ఉంటుంది

మా రోజు పని సాఫ్ట్‌వేర్ పరీక్షించడం. ఎవరైనా "ఏదీ పనిచేయట్లేదు" అని ఫిర్యాదు రాస్తే మాకు ఒళ్ళు మండుతుంది. ఏది, ఎక్కడ, ఎప్పటినుంచి, ఎంత అని అడుగుతాం. హెచ్చరికని కూడా అలాగే చదవాలని చాలా ఆలస్యంగా తెలుసుకున్నాం. వాతావరణ శాఖ మాటలు వినడానికి మామూలు మాటల్లా ఉంటాయి గానీ, ఒక్కోదానికి కొలత ఉంది.

భారీ వర్షం అంటే ఇరవై నాలుగు గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్లు. అతి భారీ అంటే 204.4 దాకా. అది దాటితే అత్యంత భారీ. వంద మిల్లీమీటర్లంటే నాలుగంగుళాల నీళ్ళు అన్నమాట. పొలంలో గట్టు తెగడానికి అది చాలు.

"ఒకటి రెండు చోట్ల" అంటారు, కన్నడలో "అల్లల్లి" అని చదువుతారు. దాని అర్థం ఆ ప్రాంతంలో వాన కొలిచే కేంద్రాల్లో నాలుగో వంతుకి మించకుండా కురుస్తుందని. మన ఊళ్ళో పడకపోతే "చూశావా, అబద్ధం చెప్పారు" అనుకుంటాం. వాళ్ళు అబద్ధం చెప్పలేదు, పక్క తాలూకాలో పడి ఉంటుంది.

ఇక రంగులు. ఆకుపచ్చ అంటే హెచ్చరిక లేదు. పసుపు అంటే కనిపెట్టుకుని ఉండండి. నారింజ అంటే సిద్ధంగా ఉండండి. ఎరుపు అంటే ఇప్పుడే చేయాల్సింది చేయండి. రంగు గాలివాన ఎంత పెద్దదో మాత్రమే చెప్పదు, మనం ఏం చేయాలో చెప్తుంది. మా తాతయ్య తరం ఎరుపు వచ్చాక కదలడం మొదలుపెట్టేవాళ్ళు. నారింజలోనే పశువులు విప్పి, మోటార్లు తీసి, మందులు సర్దుకోవాలి. ఎరుపొచ్చేసరికి మనిషి మాత్రమే కదలడానికి మిగిలి ఉండాలి.

తుఫానుకి కూడా మెట్లున్నాయి. మూడు రోజుల ముందు కనిపెట్టమని, 48 గంటల ముందు పసుపు, 24 గంటల ముందు నారింజ, 12 గంటల ముందు ఎరుపు. యానాంలో ఉన్న మా చిన్నమ్మ గారికి ఇది బాగా తెలుసు. ఆవిడ చెప్పే ఇంకో జాగ్రత్త కూడా రాస్తాం: గాలి ఉన్నట్టుండి ఆగిపోయి ఆకాశం తేటగా కనిపిస్తే బయటకి రావద్దు. అది తుఫాను కన్ను కావచ్చు. కాసేపటికి గాలి ఎదురు దిక్కు నుంచి మళ్ళీ అంతే బలంగా కొడుతుంది.

నదికి లెక్క వేరు. కేంద్ర జల సంఘం ప్రతి కొలత కేంద్రానికి రెండు గీతలు పెట్టుకుంటుంది, హెచ్చరిక మట్టం ఒకటి, ప్రమాద మట్టం ఒకటి. ప్రమాద మట్టం దాటితే తీవ్ర వరద. అంతకుముందు ఎప్పుడూ రానంత ఎత్తుని తాకితే అసాధారణ వరద. ఆ గీత మన ఇంటి గడప కాదు, కొలత కేంద్రం దగ్గరది. దాన్ని మన గడపకి మార్చుకోవడం మన పని.

మళ్ళీ ఆ రాత్రికి

నాన్నకి ఫోనులో ఆ సందేశం మెల్లగా చదివించాం. "గేట్ కొచ్చి హోగిదె" అని ఉంది. గేటు కొట్టుకుపోయింది. డ్యాం కాదు. ముప్పై మూడు గేట్లలో ఒకటి. అరవై అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల ఎత్తు. గోడ గోడగానే ఉంది. గేట్లకి కింద ఉన్న నీళ్ళు అటు పోవడానికి దారే లేదు. ఆ ఒక్క సందు మీద ఒత్తిడి తగ్గించడానికి మిగతా గేట్లు కూడా ఎత్తి, సుమారు లక్ష క్యూసెక్కులు వదులుతున్నారు.

ఇది చెప్తే అత్తయ్య మేడ మీంచే అడిగారట, "అదంతా సరే. నీళ్ళు ఎంత ఎత్తు వస్తాయో చెప్పారా?"

1977లో జవాబు రాని ప్రశ్న అదే. సందేశంలో ఎత్తు లేదు. క్యూసెక్కులున్నాయి. ఒక క్యూసెక్కు అంటే క్షణానికి ఒక ఘనపుటడుగు, 28 లీటర్ల పైచిలుకు. లక్ష క్యూసెక్కులు రోజంతా పారితే 8.64 టీఎంసీలు. డ్యాంలో ఉన్నది సుమారు 105 టీఎంసీలు. అంటే ఒక్కసారిగా మీద పడే నీళ్ళు కావు, రోజుల తరబడి పారే నీళ్ళు. ఈ లెక్క మేము చెప్పగలిగాం. కానీ మా పంపుహౌసు దగ్గర ఎంత ఎత్తు? అది మాకు తెలియదు, నాన్నకి తెలుసు.

2019 ఆగస్టులో డ్యాం నుంచి ఇంతకంటే ఎక్కువ నీళ్ళు వదిలారు. హంపి ఎదురుగా విరూపాపుర గడ్డిలో చిక్కుకున్న యాత్రికుల్ని హెలికాప్టర్లలో తెచ్చిన ఏడాది అది. అప్పుడు నీళ్ళెంత వచ్చాయో నాన్న మా పంపుహౌసు గోడ మీద తారుతో గీత గీశారు. ఆ గీత మా ఇంటికి చాలా కింద ఉంది. కానీ ఏటి పొలాల్లో గుడిసెలకి పైన ఉంది. "మన ఇంటికి రావు. ఏటి గుడిసెలకి రావచ్చు" అన్నారు నాన్న. అలా అన్నాక ఆయనే ఆగిపోయారు.

ఆగస్టు అంటే నాట్ల రోజులు. నాట్లకి వేరే జిల్లా నుంచి వచ్చిన కూలీలు నది పక్క పొలంలో గుడిసెలు వేసుకున్నారు. తొమ్మిది కుటుంబాలు, పిల్లలతో. వాళ్ళ ఫోన్లలో ఛార్జి ఉందో లేదో, సందేశం అందిందో లేదో, అందినా చదివారో లేదో ఎవరూ అడగలేదు.

అప్పుడు అత్తయ్య మేడ దిగారు. "నేను వస్తాను, ట్రాక్టరు తియ్యి" అన్నారు నాన్నతో. నీళ్ళ దగ్గరకి ఆవిడ నలభై ఏడేళ్ళలో రాత్రిపూట ఎప్పుడూ వెళ్ళలేదు. బాబాయి టార్చి పట్టుకుంటే, అత్తయ్య ప్రతి గుడిసె దగ్గరా నిలబడి పిల్లల్ని లెక్కపెట్టి ట్రాలీ ఎక్కించారట. మూడు గంటలకల్లా అందరూ క్యాంపు బడిలో ఉన్నారు. అత్తయ్య రెండోసారి మళ్ళీ పిల్లల్ని లెక్కపెట్టుకున్నాకే ఇంటికొచ్చారు.

మర్నాడు నీళ్ళు గుడిసెల దాకా రాలేదు, ఒక మడి దూరంలో ఆగాయి. కూలీల్లో ఒకాయన నవ్వుతూ "ఊరికే లేపారు కదమ్మా" అన్నాడట. అత్తయ్య "ఊరికే లేపితేనే మంచిది నాయనా" అన్నారట. మా ఇంట్లో ఇప్పుడు ఇది సామెత అయిపోయింది. నిజం కాని హెచ్చరికకి మనకి పోయేది ఒక రాత్రి నిద్ర.

తర్వాత సంగతి మీకు తెలిసిందే. గేట్ల పనిలో పేరున్న మన తెలుగు ఇంజనీరు ఎన్. కన్నయ్య నాయుడు గారిని పిలిచారు. నీళ్ళు పారుతుండగానే ఆ సందులో స్టాప్‌లాగ్ పలకలు ఒకదాని మీద ఒకటి దింపే పని ఆగస్టు 16న మొదలై, 17కి ముగిసింది. డ్యాంలో చాలా నీళ్ళు మిగిలాయి, ఎడమ కాలవ కింద మా వరి బతికింది.

గోడ మీద కాగితం

ఆ తర్వాత మేము క్యాంపుకి వెళ్ళినప్పుడు ఒక కాగితం రాసి వంటింటి గోడకి అంటించాం. కన్నడలో వచ్చే మాటలకి పక్కన తెలుగు రాశాం. "ఎచ్చరికె" పక్కన హెచ్చరిక, "మున్సూచనె" పక్కన ముందస్తు సూచన, "ప్రవాహ" పక్కన వరద. మా క్యాంపులో పెద్దవాళ్ళకి తెలుగు చదవడం వస్తుంది, కన్నడ రాదు. మాకు కన్నడ చదవడం వస్తుంది, తెలుగు తడుముకుంటాం. మధ్యలో హెచ్చరిక పడిపోకూడదు కదా.

దాని కింద నాలుగు మాటలు రాశాం.

ఒకటి, ఎవరు చెప్పారు, ఏ తేదీన చెప్పారు, ఏ జిల్లాకి చెప్పారు అని చూడాలి. పాత సందేశాలే ప్రతి వానాకాలం తిరుగుతుంటాయి. అనుమానముంటే జిల్లా కంట్రోల్ రూముకి, 1077కి ఫోన్ చేయాలి.

రెండు, నారింజలోనే కదలాలి. మట్టి గోడల్లో ఉన్నవాళ్ళని రెండో రోజు వానకే పక్కా ఇంట్లోకి పిలవాలి, వాళ్ళు అడిగేదాకా ఆగకూడదు.

మూడు, ఉరుము వినిపిస్తే మడిలోంచి బయటకి రావాలి, చెట్టు కిందకి పోకూడదు. మెరుపుకీ ఉరుముకీ మధ్య మూడు క్షణాలుంటే పిడుగు కిలోమీటరు దూరంలోనే ఉన్నట్టు. కంప్లి వంతెన మీద నీళ్ళు పారుతుంటే బండి తిప్పుకుని రావాలి, ఎంత పనున్నా సరే.

నాలుగు, మనకి అందిన మాట ఏటి గుడిసెలకి అందిందా అని వెళ్ళి చూడాలి.

నాయనమ్మ కళ్ళజోడు పెట్టుకుని కాగితం అంతా చదివి, మేము "ఎచ్చరిక" అని రాసిన రెండు చోట్ల "హె" దిద్దింది. అత్తయ్య ఏమీ దిద్దలేదు. కాగితం కిందకి ఒక మేకు కొట్టి, టార్చిలైటు తగిలించారు.

బరంపురంలో, యానాంలో, మదరాసులో, షోలాపురంలో ఉన్న మన వాళ్ళందరికీ ఒక మాట. ప్రతి ఊళ్ళో నీళ్ళకి ఒక గుర్తుంటుంది. హంపి వాళ్ళకి పురందర మంటపం మునిగిందా లేదా అన్నది గుర్తు. మాకు పంపుహౌసు మీద తారుగీత. మీ దగ్గర గుడి మెట్టో, బావి గట్టో, చెట్టు మొదలో ఏదో ఉంటుంది, అది పెద్దవాళ్ళకే తెలుసు. వాళ్ళు ఉండగానే అడిగి మాకు రాసి పంపండి. అన్నీ ఒక చోట పెడతాం.